పాలలెక్క రాసుకోవడానికి ఏ కాగితం?

నిర్వాహకురాలు: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో ఇంట్లో తయారుచేసుకునే ఫొటో క్యాలెండర్ల గురించి మాట్లాడుకుందాం. మన అతిథి నారాయణగూడలో ముప్పై ఏళ్లుగా ప్రెస్సు నడుపుతున్నారు. సంచీలో రకరకాల కాగితాలతో పాటు నాలుగు పెన్నులు కూడా తెచ్చారు. పెన్నులెందుకండీ?

అతిథి: అసలు పరీక్ష వాటితోనే. ముందు ఫోను తీసుకుందాం.

శ్రోత (మల్కాజిగిరి): నమస్కారమండీ. మా మనవడికి ఏడాది నిండింది. నెలకొకటి చొప్పున పన్నెండు ఫొటోలున్నాయి. ఇంట్లో ఇంకు ట్యాంకు ప్రింటరు ఉంది కదా అని, నిగనిగలాడే ఫొటో పేపరు 180 జీఎస్ఎంది తెచ్చి జనవరి పేజీ తీశాం. ఫొటో అద్దంలా వచ్చింది. పాలు రాని రోజు సున్నా చుడదామంటే బాల్‌పెన్ను జారిపోతోంది. జెల్ పెన్నుతో చుట్టాను, ఆ సున్నా కాస్తా నా చీర కొంగుకు అంటుకుంది.

అతిథి: ఇందుకేనమ్మా పెన్నులు తెచ్చింది. మన ఇళ్లలో క్యాలెండరంటే సగం ఖాతా పుస్తకం. పాలలెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, చీటీ కట్టాల్సిన రోజు అన్నీ దాని మీదే రాస్తాం. రాయడానికి వీల్లేనిది ఆల్బమ్ అవుతుంది గానీ క్యాలెండరు కాదు. కాబట్టి కాగితం కొనేముందు ఒక్క షీటు అడిగి తీసుకోండి. మీ ఇంట్లో క్యాలెండరు పక్కన వేలాడే పెన్ను ఏదైతే ఉందో దానితోనే రాసి, పది సెకన్లు ఆగి వేలితో రుద్దండి. చెదిరితే ఆ కాగితం వద్దు. మీకు కావలసింది మీ ఇంకు ట్యాంకులాంటి ఇంక్‌జెట్ ప్రింటర్లకని అమ్మే మ్యాట్ ఫొటో పేపరు. మెరుపు ఉండదు, ముఖాలు బాగానే వస్తాయి, పెన్ను ఆగుతుంది.

శ్రోత: మరి తెచ్చిన ప్యాకెట్టు దండగేనా?

అతిథి: దండగ ఎందుకవుతుంది? ఫొటోలు దాని మీదే తీయండి. తేదీలు మాత్రం 100 జీఎస్ఎం బాండు పేపరు మీద తీసి, రెండింటినీ ఒక అట్ట మీద పైన ఫొటో, కింద తేదీలు వచ్చేలా అతికించండి. నన్నడిగితే మ్యాట్ కన్నా ఇదే అందంగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. నీళ్లలాంటి జిగురు వాడితే కాగితం ముడతలు పడుతుంది, రెండువైపులా అంటుకునే టేపు వాడండి.

నిర్వాహకురాలు: జీఎస్ఎం అంటే ఏమిటో కూడా చెబుతారా?

అతిథి: చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఏ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు. 80 జీఎస్ఎం జిరాక్సు కాగితం షీటు అయిదు గ్రాములు, 200 జీఎస్ఎంది పన్నెండున్నర గ్రాములు. పన్నెండు నెలలకు, పై అట్టకు కలిపి పదమూడు షీట్లేస్తే 160 గ్రాములు దాటుతుంది. బరువు ఎక్కువైతే నాణ్యత ఎక్కువని మాత్రం అనుకోకండి. చాలా ఇంటి ప్రింటర్లలో ముందు ట్రే నుంచి కాగితం మెలిక తిరిగి వస్తుంది, మందమైతే అక్కడ ఇరుక్కుంటుంది. వెనుక ట్రే ఉంటే అందులో ఒక్కొక్క షీటే పెట్టండి.

శ్రోత: ఒకటి అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపాలండీ. తిథులు కూడా వేద్దామని...

అతిథి: ఇక్కడి తిథులు అక్కడికి వేయకండమ్మా. తిథి సూర్యోదయాన్ని బట్టి చూస్తాం, వాళ్ల సూర్యోదయం వేరు. అమ్మాయి ఊరికి గణించిన పంచాంగం చూసి వేయండి, లేదంటే పుట్టినరోజులతో సరిపెట్టండి.

నిర్వాహకురాలు: తర్వాత కూకట్‌పల్లి.

శ్రోత: నమస్కారం సార్. మా కాలనీవాళ్ల కోసం 2027 క్యాలెండరు నలభై కాపీలు వేయిద్దామనుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపులో అందరూ ఫొటోలు పంపారు. డిజిటల్‌లో వేయించాలా, ఆఫ్‌సెట్‌లోనా?

అతిథి: నలభైకి డిజిటలే, కంప్యూటరు నుంచి నేరుగా అచ్చవుతుంది. ఆఫ్‌సెట్‌లో రంగుల పని అంటే ఒక్కో ఫారానికి, అంటే ఒకేసారి అచ్చయ్యే పెద్ద షీటుకు, రంగుకొకటి చొప్పున నాలుగు అచ్చు ప్లేట్లు చేయాలి. వందల్లో వేస్తే ఆ ఖర్చు సర్దుకుంటుంది, నలభైకి నలిగిపోతారు. కాగితం 200 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్ పేపరు, అంటే మెరుపు లేని పూత కాగితం, అడగండి. మ్యాట్ లామినేషన్ కూడా వేస్తామంటారు. పైన అట్టకు వేయించుకోండి, నెలల పేజీలకు వద్దు, ఎందుకో తెలుసుగా.

శ్రోత: పాలలెక్క!

అతిథి: అదే. ఇంకొకటి. ఆర్ట్ పేపరు ప్రెస్సు యంత్రానికి పనికొస్తుంది గానీ ఇంటి ఇంక్‌జెట్‌కు పనికిరాదు, ఇంకు పీల్చుకోక అలాగే తడిగా ఉండిపోతుంది. ఇంక్‌జెట్ గ్లాసీ పేపరును లేజర్ ప్రింటరులో అసలే పెట్టకూడదు. ఆ వేడికి పైపూత కరిగి లోపల రోలరుకు పట్టుకుంటుంది. మా దగ్గరికి ఇలా ఒకటి మరమ్మతుకు వచ్చింది. దాన్ని గోకడం మా కుర్రాడి వల్ల కాలేదు.

నిర్వాహకురాలు: వాట్సాప్ ఫొటోల సంగతి?

అతిథి: అదే అసలు గొడవ. అందులో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. ఏ4 నిండా బాగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 బై 3508 చుక్కలు (పిక్సెళ్లు) ఉండాలి. పొడవు వైపు 1600 మాత్రమే ఉన్న ఫొటోకు అంగుళానికి 137 చుక్కలే దక్కుతాయి. సగం పేజీకి వేస్తే నెగ్గుకురావచ్చు, పేజీ నిండా వేస్తే కనుబొమలు మసకబారతాయి. అందరినీ మళ్లీ డాక్యుమెంటుగా పంపమనండి. తిట్టుకుంటూ పంపుతారు, పంపనివ్వండి. 2027 అన్నారు కాబట్టి మరో మాట. ఆదివారంతో వారం మొదలుపెడితే ఆ ఏడు జనవరి, మే, అక్టోబరు నెలలకు ఆరు వరుసలు కావాలి. అయిదు వరుసల నమూనాలో పోస్తే 31వ తేదీకి చోటుండదు. అచ్చుకు ముందు పన్నెండు నెలలనూ ఇద్దరు మనుషులు గొంతెత్తి చదవాలి. నేను ఒకరి ఇంటి క్యాలెండరులో ఏప్రిలుకు 31 వేశాను. వాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తే అదే గుర్తుచేస్తారు.

నిర్వాహకురాలు: దిల్‌సుఖ్‌నగర్ నుంచి టీచరుగారు.

శ్రోత: నేను తెలుగులో టైపు చేసిన పేర్లు ప్రెస్సులో తెరిస్తే ఒత్తులు విడిపోయి కనిపించాయండీ.

అతిథి: వాళ్ల కంప్యూటరులో మీ ఫాంటు లేదు. పీడీఎఫ్ చేసి ఇవ్వండి, ఫాంటు అందులోనే వెళ్తుంది. అంచులకు 3 మిల్లీమీటర్లు రంగు అదనంగా వదలండి, కటింగులో తెల్లగీత రాదు. మొత్తం వేసేముందు ఒక్క పేజీ తీయించి చూడండి. ఫోను తెర లోపలినుంచి వెలుగుతుంది కాబట్టి ఫొటో ధగధగలాడుతుంది, కాగితం మీద నల్లబడుతుంది. చిలకాకుపచ్చ పట్టుచీర అయితే ఎంత చేసినా కొంచెం వాడిపోతుంది. చీర కట్టుకున్నవారికి ముందే చెప్పండి.

నిర్వాహకురాలు: సమయం దగ్గరపడింది. అల్వాల్ నుంచి చివరి ఫోను.

శ్రోత: నమస్కారం. నేను రిటైరయ్యాను. పోయిన ఏడు క్యాలెండరు చేస్తే వైరో బైండింగు, అదే పేజీలను కలిపే తీగచుట్ట, దాని చిల్లులు సరిగ్గా మా ఆవిడ నెత్తి మీద పడ్డాయి. ఏడాదంతా ఆ మాట పడ్డాను.

అతిథి: పేజీకి పైన అంగుళం ఖాళీ వదలండి సార్, ఫొటో ఆ కిందనుంచి మొదలవ్వాలి. తగిలించే కడ్డీ కోసం నడిమధ్యలో అర్ధచంద్రంలా ఒక గాటు కూడా కొడతారు. ఖాళీ తక్కువైతే ఆ గాటు మధ్యలో నిలబడ్డవాళ్ల నుదుటి మీదికే వస్తుంది.

శ్రోత: ఈసారి ఫొటోలో మధ్యన నిలబడ్డది మా బావమరిదండీ.

అతిథి: అయితే అరంగుళం చాలు.