బాతు లేవని పడవ

అందరికీ నమస్కారం. జనవరి నీటిపక్షుల లెక్కింపు దగ్గరకొచ్చింది కాబట్టి ఈసారి పక్షుల గురించి కాకుండా పడవ గురించి మాట్లాడమన్నారు. మంచి పని చేశారు.

మన వరంగల్, ములుగు వైపు చెరువులన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి. కట్ట వైపు లోతు, దానికి ఎదురు అంచున ఉండే శిఖం వైపు పలచటి నీళ్లు. బాతులకు కావలసింది ఆ పలచటి నీళ్లే. సూదితోక బాతు, గార్గనీ, షావలర్, మచ్చల ముక్కు బాతు అన్నీ పూర్తిగా మునగకుండా, నీటి పైపైన గానీ తలకిందులై అడుగున గానీ మేసేవి. మోకాటి లోతు దాటితే వాటికి అడుగున ఉన్న మేత అందదు. కట్ట మీద నిలబడితే అంత దూరం చూపు ఆనదు. పాకాల లాంటి చెరువులో అయితే అవతలి ఒడ్డు మంచులోనే కలిసిపోతుంది. సరే, చుట్టూ తిరిగి పొలాల గట్ల మీదుగా పోదామంటే, మనిషి నిలువెత్తు ఆకారం గట్టు మీద కనబడగానే మంద మొత్తం లేచిపోతుంది. అందుకే నీళ్ల మీద నుంచి, తక్కువ ఎత్తులో, నెమ్మదిగా పోవాలి.

ఈ విద్య మనం కనిపెట్టింది కాదు, బాతుల వేటగాళ్లది. అమెరికాలో చిత్తడి నేలల వేటగాళ్లు నీటిమట్టానికి జానెడు ఎత్తు కూడా లేని పడవలో వెల్లకిలా పడుకుని, పైన గడ్డి కప్పుకుని కాచుకుంటారు. ఇంగ్లండులో సన్నటి బల్లపరుపు పడవకు ముందు పెద్ద తుపాకీ బిగించి, బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ మంద మీదికి పోయేవారు. బ్రిటిష్ పక్షి నిపుణుడు, చిత్రకారుడు పీటర్ స్కాట్ కుర్రతనంలో అలాంటి వేటగాడే. తర్వాత 1946లో ఇంగ్లండులోని స్లింబ్రిడ్జ్‌లో నీటిపక్షుల సంరక్షణ సంస్థను స్థాపించాడు, తుపాకీనీ వదిలేశాడు. ఆయన బాతును అంత దగ్గరగా చూడగలిగింది వేటలో నేర్చిన ఓపిక వల్లేనని నేను నమ్ముతాను. మనమూ ఆ నేర్పును తీసుకుందాం, తుపాకీని మాత్రం అక్కడే వదిలేద్దాం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద బాతుల వేట నేరం. చంపడం, పట్టడమే కాదు, తరమడం, ఎర వేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. కాబట్టి బొమ్మ బాతులు, ఫోన్‌లో కూతలు వినిపించి పిలవడం లాంటివి మన పడవలోకి ఎక్కనే ఎక్కవద్దు.

ఇక పడవ. కయాక్ అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ. అందులో పైన కూర్చునే రకం, పది పదకొండు అడుగుల పొడవు, 75 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది తీసుకోండి. సన్నగా, పొడుగ్గా ఉన్నవి వేగంగా పోతాయి గానీ, కెమెరా పట్టుకుని పక్కకు తిరిగితే ఊగుతాయి. మనకు వేగంతో పని లేదు. గాలి ఊదుకునే పడవ మోయడానికి తేలిక, కానీ మన చెరువు శిఖాల్లో తుమ్మ మోళ్లు నీళ్లలో మునిగి కనబడకుండా ఉంటాయి. ఒక్క ముల్లు చాలు. మన ముదిరాజ్, గంగపుత్ర సోదరులు థర్మోకోల్ తెప్ప మీద, లారీ ట్యూబు మీద చెరువంతా తిరిగి వలలు వేస్తారు. ఆ ఒడుపు వాళ్లకు పుట్టుకతో వచ్చింది. టెలిస్కోపు, నోట్‌బుక్ పట్టుకున్న మనం దానికి పోటీ పడకూడదు.

కొన్న పడవ నారింజ రంగులోనో పసుపు రంగులోనో ఉంటుంది. నదిలో ప్రమాదమైతే దూరం నుంచి కనబడాలని అలా చేస్తారు. మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ ప్లాస్టిక్ మీద మామూలు పెయింటు పట్టదు, నెల తిరక్కుండానే పెచ్చులూడి చెరువులో పడుతుంది. పెయింటు జోలికి పోకండి. పాత గోనెపట్టాలు విప్పి, నీటి గీత పైభాగం వరకే చుట్టి, సైకిల్ ట్యూబు కత్తిరించిన రబ్బరు ముక్కలతో బిగించండి. నీటిలోకి వేలాడితే గోనె నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఆ రబ్బరు కిందనే గడ్డి దోపుకోవాలి. డిసెంబరు, జనవరిలో మన చెరువు అంచులన్నీ ఎండు రంగులో ఉంటాయి. కాబట్టి వరిగడ్డి, ఎండిన తుంగ సరిపోతాయి. పచ్చగడ్డి కోసి కట్టకండి, అది ఆ రంగుల మధ్య కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గడ్డి భుజాల కంటే ఎత్తు ఉండకూడదు. ఎక్కువ పెడితే గాలి పట్టేసి పడవను పక్కకు ఈడుస్తుంది.

ఎత్తు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కొత్త కయాక్‌లతో నడుముకు ఆసరా ఇచ్చే ఎత్తైన కుర్చీ వస్తుంది. దాన్ని తీసేసి అడుగున పలచటి ఫోము వేసుకుని కాళ్లు చాపి కూర్చోండి. తల ఎంత కిందికి వస్తే అంత మంచిది, పడవ నిలకడ కూడా పెరుగుతుంది. త్రిపాద స్టాండు వద్దు. పప్పులు కాకుండా ప్లాస్టిక్ గింజలు నింపిన సంచి ఒడిలో పెట్టుకుంటే దానిమీద కెమెరా కుదురుగా ఉంటుంది. పప్పులు తడిస్తే ఉబ్బుతాయి. సామాను వెనక పెట్టి ముందు ఖాళీగా వదిలితే పడవ ముక్కు లేచి అలల మీద టపటపా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు ప్రశాంతమైన పొద్దున చాలా దూరం పోతుంది. తెడ్డు తగిలే అంచుల వెంట కూడా ఫోము ముక్కలు అతికించండి, ఖాళీ ప్లాస్టిక్ డప్పులా మోగుతుంది.

రెండు వైపులా రెక్కలున్న తెడ్డు లేచినప్పుడల్లా ఎండలో మెరుస్తుంది. దూరంలో ఉన్నంతవరకే అది వాడండి, అదీ పైకి ఎక్కువ లేపకుండా. మంద కనబడిన తర్వాత దాన్ని పడవలో పడుకోబెట్టి, అరచేతి కంటే కొంచెం పెద్దదైన చేతి తెడ్డుతో నీటి మట్టం దాటకుండా తోసుకోవాలి. మరీ పలచటి చోట వెదురు గడ పనికొస్తుంది. చివర ఒక చెక్కముక్క కొట్టుకోకపోతే అది బురదలో దిగబడి, మనం పడవతో ముందుకు పోయినా గడ వెనకే ఉండిపోతుంది. ఆగాల్సి వస్తే లంగరు కంటే ఆ గడనే పక్కన గుచ్చి పడవను కట్టేయడం మేలు. చప్పుడు ఉండదు.

సూర్యుడు వీపు వెనక ఉండేట్టు చూసుకోండి. బాతుల మీదికి నేరుగా పోకూడదు, వాటి పక్కగా ఎటో పోతున్నట్టు వాలుగా జారాలి. తలలు ఒక్కసారిగా పైకి లేచి, మేత ఆగిపోయి, అన్నీ ఒకే దిక్కుకు ఈదడం మొదలెడితే మీరు హద్దు దాటినట్టే. అప్పుడు ఆగడం కూడా సరిపోదు, కొంచెం వెనక్కి తగ్గాలి. లేచిన మందకు లెక్క లేదు. అది గాలిలో కలిసిపోయి చెరువు ఆ కొసన దిగుతుంది, మీ మిత్రుడు మళ్లీ లెక్కపెడతాడు. పక్క ఊరి చెరువుకు పోతే మూడోసారి. 1987 నుంచి ఆసియాలో జనవరి నెలలో జరుగుతున్న నీటిపక్షుల లెక్కింపుకు విలువ వచ్చేది అంకెలు నిజమైతేనే. లెక్క కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. గార్గనీ మామూలుగా అరకిలో కూడా తూగదు. ఎక్కడో ఉత్తరాన గుడ్లు పెట్టి, వేల కిలోమీటర్లు దాటి మన చెరువుకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో తిరిగి పోవడానికి కావలసిన కొవ్వు ఇక్కడే పోగుచేసుకోవాలి. మన ఫొటో కోసం రోజుకు నాలుగుసార్లు లేపితే ఆ కొవ్వు ఇక్కడే కరిగిపోతుంది. ఈల వేసే చిలువ బాతులు రాత్రి పొలాల్లో మేసి పగలు నీళ్ల మీద విశ్రాంతి తీసుకుంటాయి. పగటిపూట గుంపుగా కూర్చున్న చిలువల దగ్గరికి అసలు పోవద్దు, టెలిస్కోపుతో దూరం నుంచి లెక్కపెట్టండి.

లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. పడవలో పెట్టుకుంటే లాభం లేదు, మట్టి రంగువి కూడా దొరుకుతాయి. తూము దగ్గరికి, నీళ్లు పొర్లే మత్తడి దగ్గరికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు. వలలు ఎక్కడ వేశారో పొద్దున్నే జాలర్లను అడగండి. ఒక చిన్న కత్తి జాకెట్‌కే కట్టుకోండి, తామర తూళ్లలోనో వలలోనో కాలు చిక్కితే పని చేస్తుంది. వల చిరిగితే మాత్రం డబ్బు కట్టి రావాలి, అది వాళ్ల బతుకు. ఒంటరిగా దిగవద్దు, ఒడ్డున ఒకరుండాలి.

పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది. అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో లేకుండా పడవ దించకూడదు. ఊరి చెరువైతే మత్స్య సహకార సంఘం వాళ్లతో ముందే మాట్లాడాలి. మన కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు: ఏ మూల బాతులు దిగుతున్నాయో, ఏ వారం నుంచి వచ్చాయో వాళ్లను అడిగితే సగం పని అయిపోతుంది. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోయే ముందు పడవ అడుగు కడిగి ఆరబెట్టండి. గుర్రపుడెక్క ముక్క ఒకటి అంటుకుని పోయినా కొత్త చెరువు నిండిపోతుంది.

పడవను బయట వేపచెట్టు కింద పెట్టాం, గోనె సగం చుట్టి సగం వదిలేశాం. లెక్కింపుకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే అందులో కాళ్లు చాపి కూర్చుని, మీ తల ఎంత ఎత్తులో ఉందో పక్కవాళ్లను చూసి చెప్పమనండి. మిగతా గోనె కలిసి చుడదాం.