చలి కాదు సామీ, నీ తడి జీన్స్ ప్యాంటే నిన్ను చంపేది!

"తిరుపతిలో చలేంటి సామీ, 40 డిగ్రీల ఊరికి స్వెట్టర్ కబుర్లా?" పోయిన వీడియో కింద ఇదే గోల. మన తిరుపతి దగ్గరి నాగలాపురం కొండల్లో కూడా ఒళ్ళు చల్లబడి ప్రాణం మీదికి రావచ్చు అన్నానని ఒక ఆట ఆడుకున్నారు. ఇవాళ ఇంకో మాట అంటా, దీనికీ తిట్టండి. చలి కాదు, జీన్స్ ప్యాంటే అసలు విలన్!

ఒంటి లోపలి వేడి 37 డిగ్రీలు. 35 కిందికి జారితే హైపోథర్మియా, అంటే ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడిపోవడం. రెండంటే రెండు డిగ్రీలు! దానికి హిమాలయాల్లో మంచు ట్రెక్కింగ్‌కి కేదార్‌కంఠ దాకా పోవాలా? గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా నీళ్ళు ఒంట్లో వేడి లాగేస్తాయి. తడిసి గాలికి నిలబడ్డావా, మంచు అక్కర్లేదు.

నవంబరులో వాయుగుండం పట్టిందంటే మనోళ్ళకి ట్రెక్కింగ్ గుర్తొస్తుంది, అదేం పిచ్చో! ఒకడు కోనలో నడుములోతు మడుగులు దిగుతూ ఎక్కుతూ పోతాడు. కింద జీన్స్, పైన కాటన్ హుడీ. నీళ్ళు తాగి తొడలకు అతుక్కుంటే అది ఆరేదెప్పుడు? పొద్దు వాలి గాలి తిరిగేసరికి బ్యాగు జిప్పు వేళ్ళకి చిక్కదు. మాట ముద్దగా వస్తుంది. చదును బండ మీద కూడా తడబడతాడు. ఇవన్నీ ఒళ్ళు చల్లబడుతున్న గుర్తులే, కానీ పక్కనోడు "ఏరా, మందేశావా?" అని నవ్వుతాడు. పైగా "వెచ్చగా ఉంటుందిలే" అని నిజంగానే క్వార్టర్ అందిస్తాడు! మందు పడితే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని ఉన్న వేడి కూడా బయటికి పోతుందిరా నాయనా!

ధనుర్మాసంలో తిరుమల పుష్కరిణిలో మునిగిన పెద్దాయన్ని చూడండి. గట్టెక్కగానే తడి పంచె మార్చేస్తాడు. ఏ ట్రెక్కింగ్ క్లాసుకెళ్ళాడు ఆయన?

వణుకుతున్నాడంటే ఒళ్ళింకా పోరాడుతోందని. తడి బట్టల్లోనే వణుకు ఆగిందా, అప్పుడు భయపడండి. కొందరు ఆ స్థితిలో ఉక్కగా ఉందని బట్టలు విప్పేస్తారు కూడా. వెంటనే తడివి తీసి పొడివి తొడగండి, కింద ఏదైనా పరిచి, పైన ప్లాస్టిక్ పట్టా చుట్టండి. కాళ్ళూ చేతులూ రుద్దొద్దు. స్పృహలో ఉండి మింగగలిగితేనే తీపి టీ. ఆ తర్వాత ఆసుపత్రే.

గాంధీ రోడ్డులో త్వరగా ఆరే పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు ఒకటి కొనండి. ఇంకో పొడి జత కవర్లో మూతి బిగించి బ్యాగులో వేయండి. అంతే ఖర్చు! ఇక జీన్స్‌తో తలకోన నీళ్ళలో దిగిన ఫోటోలు పంపండి, వచ్చే వీడియోలో ఒక్కొక్కరి పని చెప్తా.