బండి మీద ఉన్నావా?

శ్రోతలకు నమస్కారం. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడేవాళ్ళకి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈరోజు నేను బండి నడిపేవాళ్ళకి ఫోన్ చేసేవాళ్ళతో మాట్లాడాలనుకుంటున్నాను. అంటే ఇంట్లో, ఆఫీసులో కూర్చున్న మనతో.

సాయంత్రం ఆరు దాటాక మన విశాఖలో మద్దిలపాలెం నుంచి హనుమంతవాక వైపు వెళ్ళే హైవేని చూడండి. లారీలు, సిటీ బస్సులు, ఆటోలు, వాటి సందుల్లోంచి దూరే బైకులు. హెల్మెట్‌లో ఫోన్ దోపుకుని, మెడ ఓ పక్కకి వంచి నడిపేవాళ్ళు ఎంతమందో! ఆ ఫోన్ చేసింది ఎవరు? చాలాసార్లు మనమే. "ఇంకా రాలేదేం?" "వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ తీసుకురా." ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ ఆ క్షణాన వాళ్ళ బండి ముందు ఏముందో మనకి కనపడదు.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. పక్క సీట్లో కూర్చున్న మనిషైతే లారీ అడ్డం రాగానే మాట ఆపేస్తాడు, "చూసుకో" అని హెచ్చరిస్తాడు కూడా. ఫోన్‌లో ఉన్న మనం ఆపం, జవాబు రాకపోతే "హలో, హలో" అంటూ ఇంకా తొందరపెడతాం. నడిపేవాళ్ళ కళ్ళు రోడ్డు మీదే ఉన్నా, చూస్తున్నది బుర్రకెక్కదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఫర్వాలేదనే ధీమా అందుకే పనికిరాదు. ఫోన్ వాడుతూ నడిపితే ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఎక్కువని, హ్యాండ్స్‌ఫ్రీ వల్ల పెద్దగా తేడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక మెసేజ్ చదవడం ఇంకా ఘోరం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కిందకి చూస్తే 50 మీటర్లు చూడకుండా నడిపినట్టే. ఎండాడ దగ్గరో కొమ్మాదిలోనో ఓ పిల్ల రోడ్డు మీదికి దిగి బండికి అడ్డంగా రావడానికి ఆ మూడు సెకన్లు చాలు.

చట్టం సంగతంటారా, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా పడొచ్చు, జైలు శిక్షకీ వీలుంది. అయినా కన్నబిడ్డ క్షేమంగా ఇంటికి రావాలని కోరుకునేవాళ్ళకి చలానా గురించి నేను చెప్పాలా?

డెలివరీ కుర్రాళ్ళ గురించి ఒక్క మాట. ఎంవీపీ కాలనీ సెక్టార్లలో ఇల్లు వెతుక్కోవడం వాళ్ళకి ఎంత టెన్షనో మనకి తెలుసు. గుడి పక్కనో, పార్కు ఎదురుగానో, ఆ గుర్తేదో ఆర్డర్‌లోనే రాసిపెట్టండి. దారిలో ఉన్నవాళ్ళకి పదేపదే ఫోన్ చేయకండి. పరవాడ, గాజువాక వైపు షిఫ్టులు నడిపించే సూపర్‌వైజర్లకీ ఇదే నా మనవి. మనిషి గేటు దగ్గరికి వచ్చాక మాట్లాడొచ్చు.

ఇకనుంచి ఎవరికి ఫోన్ చేసినా ముందు "బండి మీద ఉన్నావా?" అని అడగండి. అవునంటే, "ఫర్వాలేదు, చెప్పు" అని వాళ్ళెంత అన్నా పెట్టేయండి. నడిపేవాళ్ళ కోసం ఇప్పుడు చాలా ఫోన్లలో డ్రైవింగ్ మోడ్ ఉంటోంది. నడుపుతున్నంతసేపూ అది ఫోన్ గోల తగ్గిస్తుంది. మీకు పెట్టుకోవడం రాకపోతే, ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పిల్లల చేత పెట్టించుకోండి.