రాయి ఎలా ఉంటే అలా

శ్రోతలకు నమస్కారం.

పాకకి నిట్టాడు పాతినా, పందిరికి గుంజ పాతినా, ముందుగా చివికిపోయేది మట్టిలో ఉన్న మొదలే. పైన కర్ర గట్టిగానే ఉంటుంది, నేలకి ఆనిన చోట వేలు పెడితే పొడి రాలుతుంది. జపాన్‌లోనూ పూర్వం స్తంభాల్ని గొయ్యి తీసి పాతేవారు. ఇసే ఆలయంలో ఇప్పటికీ అలాగే పాతుతారు. 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో గుడిని మళ్లీ కొత్తగా కడతారు. 2013లో కట్టారు, ఇక 2033లో.

6వ శతాబ్దంలో కొరియా నుంచి బౌద్ధంతో పాటు స్తంభాన్ని రాతి మీద నిలబెట్టే పద్ధతి వచ్చింది. నారా దగ్గర హోర్యూజి ఆలయంలోని ఐదంతస్తుల పగోడా చూస్తే తేడా తెలుస్తుంది. దాని నడి స్తంభాన్ని భూమిలోకి దింపారు. చుట్టూ ఉన్నవాటిని రాళ్ల మీద నిలిపారు. నడి స్తంభం అడుగు పుచ్చిపోయి, కింద ఖాళీ గుంట మిగిలింది. రాళ్ల మీద స్తంభాలు 1300 ఏళ్లుగా బరువు మోస్తున్నాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు తాగిన నాళాలే కర్ర కోసిన అడుగు భాగంలో నోళ్లు తెరుచుకుని ఉంటాయి. మట్టి తగిలితే మళ్లీ తాగుతాయి. మధ్యలో రాయి ఉంటే ఆ తడి ఎక్కదు.

జపాన్ పల్లె ఇళ్లకి వాడేది చెక్కని రాయి, ఏటి ఒడ్డునో కొండ దగ్గరో దొరికింది దొరికినట్టే. దాని మీద గతుకులుంటాయి, ఎత్తుపల్లాలుంటాయి. వడ్రంగి రాయి జోలికి పోడు, స్తంభం పాదాన్నే చెక్కుతాడు. ఈ పనిని హికరిత్సుకే అంటారు.

ముందు స్తంభాన్ని రాతి మీద నిలబెట్టి, తూకం గుండు వేసి నిటారుగా పట్టి ఉంచుతారు. మన పిల్లల జామెట్రీ బాక్సులో కంపాస్ లాంటి పనిముట్టు ఒకటి తీసుకుంటారు. ఒక కాలు రాతి మీద పాకుతుంటే, సిరా ముంచిన రెండో కాలు కర్ర మీద గీత గీస్తుంది. రాయి ఎక్కడ పైకి లేస్తే గీత అక్కడ లేస్తుంది, ఎక్కడ దిగితే అక్కడ దిగుతుంది. చుట్టూ తిరిగి వచ్చేసరికి రాయి అంచంతా కర్ర మీదికి ఎక్కేస్తుంది.

ఆ గీత వెంట ఉలితో చెక్కుతారు. అంచు గట్టిగా ఆనేలా నడిమి భాగాన్ని కాస్త లోతు చేస్తారు. రాతికి సిరా పూసి స్తంభాన్ని దింపుతారు, మళ్లీ ఎత్తుతారు. నల్లగా అంటిన చోట చిన్న పెచ్చు తీస్తారు. మళ్లీ దింపడం, ఎత్తడం. నిలువెత్తు మానుని అన్నిసార్లు ఎత్తి దించే ఆ ఓపికంటే నాకెంతో గౌరవం.

రాయికీ స్తంభానికీ మధ్య మేకు ఉండదు, బోల్టు ఉండదు. పైకప్పు బరువే పట్టి ఉంచుతుంది. భూకంపం వస్తే పాదం రాతి మీద కొంచెం జరగగలదు. జరిగినా కాళ్లు విడివిడిగా పోకుండా, స్తంభాల్ని కింద అడ్డ దూలాలతో ఒకదానికొకటి కలిపేస్తారు.

జపాన్‌లో 1950లో వచ్చిన భవన నిర్మాణ చట్టం, కట్టడాన్ని పునాదికి బిగించాలని పట్టుబట్టింది. దాంతో ఈ పద్ధతిలో కొత్త ఇల్లు కట్టడం కష్టమైపోయింది. 2000లో కట్టడం బలాన్ని లెక్కగట్టే కొత్త విధానం వచ్చాక దారి కొంత తెరుచుకుంది. 2020లో యునెస్కో జపాన్ చెక్క కట్టడాల నైపుణ్యాలను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎప్పటికైనా పాదం పుచ్చితే స్తంభం మొత్తం మార్చరు. ఇంటిని జాకీలతో కాస్త పైకెత్తి, చెడిన మేర కోసేసి, కొత్త కర్రముక్కని అతుకుతారు. ఆ ముక్క అడుగున మళ్లీ అదే రాయిని చూసి గీత గీస్తారు.