గది ఉష్ణోగ్రత సరిపోయినంత మాత్రాన ఐఏటీ సెన్సర్ సరిగ్గా ఉన్నట్టు కాదు

[తెరపై ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్. ఐఏటీ గేజ్ 25 డిగ్రీల దగ్గర నిలిచి ఉంది.]

ఆఫ్టర్‌మార్కెట్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) బిగించి, ఇంజిన్ చల్లగా ఉండగానే లాప్‌టాప్ తెరిచి, ఇంజిన్ పీల్చే ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, అంటే ఐఏటీ, గది ఉష్ణోగ్రతతో సరిపోయిందని చూసుకుని, సెన్సర్ క్యాలిబ్రేషన్ పూర్తయిందని తృప్తిపడేవారిని చూస్తే నాకు చిరాకు కలుగుతుంది. ఆ అంకె సరిపోవడం వల్ల తెలిసేది 25 డిగ్రీల సంగతి మాత్రమే. అదే ఇంజిన్ మండుటెండలో ట్రాఫిక్‌లో నిలిచి మిస్‌ఫైర్ అవుతున్నప్పుడు ఇంజెక్టర్లను అనుమానిస్తారు, వీఈ టేబుల్‌ను (సిలిండర్ గాలితో ఎంతమేర నిండుతుందో చెప్పే పట్టికను) తిరగరాస్తారు, కానీ సెన్సర్ వైపు మాత్రం కన్నెత్తి చూడరు.

ఐఏటీ సెన్సర్‌కు డిగ్రీలు తెలియవు. అది ఎన్‌టీసీ థర్మిస్టర్ కాబట్టి వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, అంతవరకే దాని పని. ఈసీయూకు ఆ రెసిస్టెన్స్ కూడా నేరుగా తెలియదు. ఈసీయూ లోపల 5 వోల్టుల సరఫరాకూ సెన్సర్ తీగకూ మధ్య ఒక పుల్‌అప్ రెసిస్టర్ ఉంటుంది. ఆ 5 వోల్టులను రెండూ పంచుకోగా సెన్సర్ వాటాకు వచ్చిన వోల్టేజీని మాత్రమే ఈసీయూ చదువుతుంది.

దీన్ని తక్కెడగా ఊహించుకోండి. ఒక పళ్లెంలో సెన్సర్ ఉంది, రెండో పళ్లెంలో తూకపురాయిగా పుల్‌అప్ రెసిస్టర్ ఉంది. ముల్లు ఎటు, ఎంత వాలిందన్నదే వోల్టేజీ. ఆ వాలును చూసి ఇది ఇన్ని డిగ్రీలు అని చెప్పే చిట్టా పేరు క్యాలిబ్రేషన్ టేబుల్. సరుకు, రాయి, చిట్టా మూడూ ఒకదానితో ఒకటి కుదిరితేనే తూకం నిజమవుతుంది.

[తెరపై రెండు రెసిస్టర్ల బొమ్మ, పక్కన అంకెలు.]

బాగా వాడుకలో ఉన్న జీఎం ఓపెన్ ఎలిమెంట్ సెన్సర్‌నే తీసుకుందాం. 25 డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ సుమారు 2,800 ఓమ్‌లు, 40 దగ్గర 1,460, 80 దగ్గర 330. మెగాస్క్వర్ట్, స్పీడువినో వంటి ఈసీయూలలో పుల్‌అప్ 2,490 ఓమ్‌లు ఉంటుంది. మరికొన్నింటిలో 1,000 ఓమ్‌లు ఉంటుంది. బోర్డు మీద 2,490 ఉండగా, 1,000 అనుకుని తయారుచేసిన టేబుల్‌ను ఎక్కిస్తే, 25 డిగ్రీల గాలి తెర మీద దాదాపు 46 డిగ్రీలుగా కనిపిస్తుంది. సరుకు మారలేదు, రాయి మారింది, చిట్టా మాత్రం పాత రాయి లెక్కనే చదువుతోంది. నా దృష్టిలో ఇది మంచి రకం తప్పు, ఎందుకంటే గదిలోనే పట్టుబడుతుంది.

చెడ్డ రకం వేరే ఉంది. 25 డిగ్రీల దగ్గర రెండూ సరిగ్గా 2,800 ఓమ్‌లే చూపించే రెండు సెన్సర్లు ఉన్నాయనుకోండి. వాటి రెసిస్టెన్స్ ఎంత వేగంగా పడిపోతుందో చెప్పే బీటా విలువ ఒకదానికి 3,380, మరొకదానికి 3,950. ఈసీయూలో రెండోదాని టేబుల్ పెట్టి, పైపుకు మొదటిదాన్ని బిగిస్తే గది ఉష్ణోగ్రత దగ్గర వెంట్రుకవాసి తేడా కూడా రాదు. అదే 80 డిగ్రీల దగ్గర గేజ్ 71 చూపిస్తుంది. రెంటినీ తారుమారు చేస్తే 91 చూపిస్తుంది. మన తక్కెడ ఒక బరువు దగ్గర మాత్రం నిజం చెప్పి, మిగతా అన్ని బరువుల దగ్గరా అబద్ధమాడుతోందన్న మాట.

ఆ పది డిగ్రీలతో ఏం కొంప మునిగిందని అడిగేవారూ ఉన్నారు. స్పీడ్ డెన్సిటీ పద్ధతిలో ఈసీయూ గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) పీడనం, వీఈ, గాలి ఉష్ణోగ్రత కలిపి ఎంత గాలి వచ్చిందో లెక్కకడుతుంది. పీడనం మారకపోతే గాలి సాంద్రత కెల్విన్ ఉష్ణోగ్రతకు విలోమంగా మారుతుంది కాబట్టి, 80 డిగ్రీల గాలిని 91 అని చదివితే ఇంధనం దాదాపు 3 శాతం తగ్గిపోతుంది. నిండు బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గట్టిగా నెడుతున్నప్పుడు, ఇంజిన్‌కు ఇది చిన్న విషయం కాదు. దానికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది: మీరు తప్పు ఉష్ణోగ్రత మీదే వీఈ టేబుల్‌ను ట్యూన్ చేసి ఉంటారు కాబట్టి, తప్పంతా ఆ టేబుల్‌లోకి ఇంకిపోయి, వాతావరణం మారిన రోజున ఇంకో రూపంలో బయటికి వస్తుంది.

ఇక ఏ సెన్సర్ కొనాలన్న ప్రశ్నకు వద్దాం. థర్మిస్టర్ పూస గాలికి నేరుగా తగిలే ఓపెన్ ఎలిమెంట్ రకాన్నే తీసుకోండి. ఇత్తడి తొడుగులో మూసి ఉన్న రకం కూలెంట్ కోసం తయారైనది. గాలి ఆ తొడుగును వేడిచేయాలన్నా చల్లార్చాలన్నా చాలాసేపు పడుతుంది, పైగా మరలు బిగించిన లోహం నుంచి వేడి నేరుగా దానిలోకి పాకుతుంది. కూలెంట్ సెన్సర్‌ను ఇంటేక్ పైపుకు బిగించి డబ్బు ఆదా అయిందని మురిసిపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

స్థానం కూడా అంతే ముఖ్యం. టర్బో ఇంజిన్‌లో ఇంటర్‌కూలర్ దాటిన తరువాత, థ్రాటిల్ బాడీకి ముందు, వీలైతే ప్లాస్టిక్ పైపులో, పూస గాలి ప్రవాహం మధ్యకు వచ్చేలా పెట్టాలి. అల్యూమినియం ఇంటేక్ మానిఫోల్డ్‌లో పెడితే హీట్ సోక్ తప్పదు. వేడి ఇంజిన్‌ను ఆపి కొద్దిసేపటి తరువాత మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు, లోపలికి వచ్చే గాలి అంత వేడిగా లేకపోయినా సెన్సర్ మానిఫోల్డ్ లోహపు వేడినే చెబుతుంది; ఈసీయూ ఇంధనం తగ్గిస్తుంది; ఇంజిన్ లీన్ అయి, అంటే గాలికి తగినంత ఇంధనం అందక, ఐడిల్‌లో తడబడుతుంది. ఇక్కడ తక్కెడ తప్పు లేదు, రాయి తప్పు లేదు. పళ్లెంలో పెట్టిన సరుకే వేరు. ఎంత క్యాలిబ్రేషన్ చేసినా ఇది పోదు. నీరు లేదా మెథనాల్ చిమ్మే నాజిల్ తరువాత సెన్సర్ పెట్టినా ఇలాంటి మోసమే జరుగుతుంది, ఎందుకంటే తడిసిన పూస ఆవిరయ్యే ద్రవపు చల్లదనాన్ని చూపిస్తుంది.

వైరింగ్‌లో ఒకే ఒక నియమం ఉంది: సెన్సర్ గ్రౌండ్ తీగ ఈసీయూ ఇచ్చే సెన్సర్ గ్రౌండ్‌కే వెళ్లాలి, ఇంజిన్ బ్లాక్‌కు కాదు. బ్లాక్‌కు, ఈసీయూకు మధ్య 50 మిల్లీవోల్టుల తేడా ఉన్నా, 2,490 ఓమ్‌ల పుల్‌అప్‌తో 80, 90 డిగ్రీల ప్రాంతంలో గేజ్ సుమారు 3 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. ఇది తక్కెడలో పాసంగం ఉన్నట్టే. పళ్లేలు ఖాళీగా ఉన్నప్పుడే ముల్లు ఒక వైపుకు మొగ్గి ఉంటుంది. ఆ ప్రాంతంలో ఈ తక్కెడకు అసలే సున్నితత్వం తక్కువ: జీఎం సెన్సర్ 80 నుంచి 90 డిగ్రీలకు వెళ్లేటప్పుడు వోల్టేజీ 0.59 నుంచి 0.44కు మాత్రమే దిగుతుంది. 1,000 ఓమ్‌ల రాయి వేస్తే అదే పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు కదలిక వస్తుంది, కాబట్టి వేడి గాలిని ఎక్కువగా చూసే ఇంజిన్‌కు చిన్న పుల్‌అప్ మేలు.

[తెరపై మంచునీరు, థర్మామీటర్, మల్టీమీటర్.]

సమయం దగ్గరపడుతోంది కాబట్టి క్యాలిబ్రేషన్‌ను త్వరగా చెబుతాను. తయారీదారు పట్టిక దొరికితే అదే వాడండి. దొరకకపోతే మూడు ఉష్ణోగ్రతల దగ్గర రెసిస్టెన్స్ కొలవండి: నలగ్గొట్టిన మంచు కలిపి బాగా తిప్పిన నీరు 0 డిగ్రీలు, గది గాలి ఒకటి, నమ్మదగిన థర్మామీటర్ పక్కన పెట్టిన 80 డిగ్రీల వేడినీరు ఒకటి. మరిగే నీటిని ప్రమాణంగా తీసుకుంటే, సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరుగు ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఓపెన్ ఎలిమెంట్ పూస నీటికి తగిలితే నీరే విద్యుత్తును మోసి కొలతను చెడగొడుతుంది, కాబట్టి సెన్సర్‌ను పల్చని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముంచండి, చేత్తో పట్టుకోకండి, మీటర్‌లో అంకె నిలకడగా ఆగేదాకా రాసుకోకండి.

ఆ మూడు విలువలను, బోర్డు మీది అసలు పుల్‌అప్ విలువను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, 1968లో స్టైన్‌హార్ట్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు ఒక సముద్ర పరిశోధన పత్రికలో ప్రచురించిన సమీకరణంతో అది మిగతా వక్రరేఖను గీస్తుంది. బిందువులు దూరదూరంగా ఉంటేనే ఆ గీత నమ్మదగినదిగా ఉంటుంది. 20, 25, 30 డిగ్రీల దగ్గర కొలిచి 90 గురించి చెప్పించాలని చూడకండి. తరువాత సెన్సర్ స్థానంలో 330 ఓమ్‌ల మామూలు రెసిస్టర్‌ను తగిలించి, జీఎం టేబుల్ అయితే గేజ్ 80 దగ్గర చూపిస్తోందో లేదో చూడండి. దీనివల్ల టేబుల్, పుల్‌అప్, వైరింగ్ మూడూ ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి.

మిగిలినవి రెండే. మీ ఈసీయూ సాంద్రత లెక్కను తనంతట తానే వేస్తోందా, లేక ఐఏటీ కరెక్షన్ టేబుల్‌కు వదిలేస్తోందా చూసుకోండి, లేకపోతే ఒకే దిద్దుబాటు రెండుసార్లు పడుతుంది. తీగ తెగితే ఇన్‌పుట్ 5 వోల్టులకు ఎగబాకి గేజ్ మైనస్ 40 దగ్గరకు పోతుంది, ఇంధనం వరదలా పోస్తుంది. అలాంటప్పుడు ఈసీయూ వాడుకోవలసిన ప్రత్యామ్నాయ విలువను ఇప్పుడే 40 డిగ్రీల చుట్టుపక్కల పెట్టి, సెన్సర్ ప్లగ్ ఊడదీసి, ఆ విలువకే మారుతోందని మీ కళ్లతో చూడండి.