లాస్ వేగాస్ కాల్పులు: ఏ ప్రశ్నకు జవాబు వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది

నమస్తే అండీ. అక్టోబరు దగ్గరపడిందంటే చాలు, ఇక్కడ బెంగళూరులో, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాత వీడియో మళ్ళీ తిరుగుతుంది. చీకట్లో జనం పరుగులు, ఆగకుండా తుపాకీ చప్పుడు, కింద ఎర్రటి అక్షరాలతో "అసలు నిజం దాచేశారు" అని. లాస్ వేగాస్ కాల్పుల వీడియో అది. పిల్లల్ని అమెరికా పంపిన అమ్మానాన్నలు అది చూసి హడలిపోయి నన్ను అడుగుతున్నారు, ఇద్దరు ముగ్గురు కలిసి కాల్చారట కదా బాబూ, మరి ఒక్కడే అని ఎందుకు చెప్పారు అని. ఈరోజు దాని గురించే మాట్లాడదాం.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2017 అక్టోబరు 1, ఆదివారం రాత్రి. ఆరుబయట సంగీత ఉత్సవం, సుమారు 22 వేల మంది. రోడ్డుకి అవతల మాండలే బే హోటల్ 32వ అంతస్తు నుంచి స్టీఫెన్ ప్యాడక్ అనే 64 ఏళ్ళ మనిషి 10:05కి మొదలుపెట్టి, పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కాల్చాడు. అప్పట్లో 58 మంది పోయారు. ఆ గాయాలతోనే తర్వాతి ఏళ్ళలో ఇంకో ఇద్దరు పోయారు. పోలీసులు 11:20కి తలుపు పేల్చి లోపలికి వెళ్ళేసరికి అతను తనను తాను కాల్చుకుని పడి ఉన్నాడు.

అనుమానం ఊరికే పుట్టలేదండీ, ఆ మాట ముందే చెప్పాలి. అదే అంతస్తులో హోటల్ సెక్యూరిటీ గార్డుకి కాలికి తూటా తగిలింది. అతను రావడం వల్లే కాల్పులు ఆగాయన్నట్టు మొదట పోలీసులు చెప్పారు. అక్టోబరు 9న అక్కడి పోలీసు పెద్ద, అంటే షెరీఫ్ వచ్చి, కాదు, జనం మీద కాల్పులకి ఆరు నిమిషాల ముందే, 9:59కే గార్డుని కాల్చాడన్నారు. హోటల్ వాళ్ళు ఒప్పుకోలేదు. 13న మళ్ళీ మాట మారింది: 9:59కి గార్డు ఆ అంతస్తు మెట్ల తలుపు దగ్గరికి వెళ్ళాడు, దాన్ని ప్యాడక్ లోపలి నుంచి ఇనుప పట్టీ పెట్టి స్క్రూలతో బిగించి ఉంచాడు, తూటా తగిలింది మాత్రం 10:05 ప్రాంతంలో అని. ఒక్క ఘటనకి రెండు వారాల్లో మూడు కథలు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఆ ఆరు నిమిషాల్లో ఎవరైనా ఫోన్ ఎత్తి ఉంటే నా బిడ్డ బతికేదా అని అడిగితే, ఆమెని అనుమానపు మనిషి అనగలమా? ఆ ప్రశ్న న్యాయమైనది. పోలీసులు తొందరపడి చెప్పి, తర్వాత మాట మార్చడం వల్ల వచ్చింది.

ఇక రెండో షూటర్ సంగతి. వీడియోలో చప్పుడు రెండు మూడు దిక్కుల నుంచి వస్తుంది, నిజమే. సర్జాపూర్ రోడ్డులో నాలుగు టవర్ల మధ్య దీపావళికి లక్ష్మీ బాంబు పేలిస్తే ఏ బ్లాకు దగ్గర పేలిందో బాల్కనీలో ఉన్నవాళ్ళు చెప్పలేరు. అక్కడ చుట్టూ అంతకంటే పెద్ద హోటళ్ళు. పారిపోయినవాళ్ళు పక్క హోటళ్ళలో దూరి ఇక్కడా కాలుస్తున్నారని ఫోన్లు చేశారు. పోలీసులు వెళ్ళి చూస్తే ఎక్కడా ఏమీ లేదు. పగిలిన కిటికీలు రెండే, రెండూ 32వ అంతస్తువే. గదిలో దొరికిన కాగితాన్ని చివరి ఉత్తరమని ప్రచారం చేశారు. అందులో ఉన్నవి గురి కోసం వేసుకున్న దూరాల లెక్కలు.

ఎందుకు చేశాడన్నది మాత్రం తేలలేదు. 2018 ఆగస్టులో పోలీసులు దర్యాప్తు ముగించారు, కారణం దొరకలేదన్నారు. 2019 జనవరిలో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిపుణుల బృందం కూడా ఫలానా కారణం అని ఒక్కటి చూపలేకపోయింది. ఉత్తరం రాయలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పాల్సినవాడు చచ్చిపోయాడు. తెలియలేదు అంటే దాచారు అని అర్థం చేసుకోవడం దగ్గరే మనవాళ్ళు పొరబడుతున్నారు.

ఆ పొరబాటుకి ఎవరు బలవుతారో చూడండి. కాల్పులు జరిగిన కొన్ని గంటల్లోనే ఏ సంబంధం లేని ఒక మనిషి పేరు, ఫొటో హంతకుడని నెట్‌లో పెట్టేశారు, గూగుల్‌లో కూడా పైకి వచ్చింది. ఒంట్లో తూటా దిగిన బాధితుల్ని, మీరు గాయపడ్డట్టు నటిస్తున్న నటులు అని వేధించారు. మనకిది పరాయి ఊరి కథ కాదు. 2018 మేలో ఇదే బెంగళూరులో, చామరాజపేటలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న వాట్సాప్ మెసేజీలు నమ్మి, పని వెతుక్కుంటూ వచ్చిన ఒక రాజస్థానీ కుర్రాణ్ణి కొట్టి చంపేశారు. మెసేజ్ పంపిన ఒక్కరూ తాము చంపామని అనుకుని ఉండరు. నాకు ఇప్పటికీ గుండె మండుతుంది.

మరి జవాబులు ఎవరు తెచ్చారు? కోర్టుకి వెళ్ళినవాళ్ళు. లాస్ వేగాస్ పోలీసులు తమ ఒంటి మీది బాడీ కెమెరాల వీడియోలు, జనం ఎమర్జెన్సీ నంబరు 911కి చేసిన కాల్స్ ఇవ్వబోమన్నారు. మీడియా సంస్థలు కేసు వేసి, లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడితే 2018 మే నుంచి విడతల వారీగా బయటపెట్టక తప్పలేదు. పైన కాల్పులు జరుగుతుంటే ఒక పోలీసు అధికారి సరిగ్గా కింద, 31వ అంతస్తు నడవాలో ఆగిపోవడం మనం చూడగలిగింది అందుకే. తుపాకీ చప్పుడు పై అంతస్తు నుంచే వస్తోందని అతనే రేడియోలో చెప్తాడు. పోలీసుల్ని నిజంగా ఇబ్బంది పెట్టిన సంగతి అది. దాన్ని పట్టుకొచ్చింది రికార్డు, ఎర్రక్షరాల వీడియో కాదు.

ఇంకా అడగాల్సింది కూడా ఉంది. ప్యాడక్ సెప్టెంబరు 25న గదిలో దిగాడు. రోజుల తరబడి ఇరవైకి పైగా సూట్‌కేసులు పైకి చేరవేశాడు. కొన్ని హోటల్ సిబ్బందే సర్వీస్ లిఫ్ట్‌లో తీసుకెళ్ళారు. హోటల్ కంపెనీ 2019లో బాధితులతో రాజీ పడింది, 80 కోట్ల డాలర్ల ఆ పరిహారాన్ని 2020లో కోర్టు ఆమోదించింది, తప్పు మాదేనని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు. రాజీ కుదిరింది కాబట్టి కోర్టులో విచారణ జరగలేదు, సాక్షుల్ని బోనెక్కించి ఎవరూ అడగలేదు. కుటుంబాలకి డబ్బు అవసరమే, వాళ్ళని నేను తప్పు పట్టను.

తూటాలు అంత వేగంగా ఎలా పడ్డాయన్నదానికి జవాబు ఉంది, బంప్ స్టాక్. మామూలు రైఫిల్‌కి బిగిస్తే ఇంచుమించు మెషిన్ గన్‌లా కాలుస్తుంది. ఈ ఘటన తర్వాతే ట్రంప్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది, 2019 మార్చిలో అమల్లోకి వచ్చింది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో ఆ నిషేధాన్ని కొట్టేసింది. కొన్ని రాష్ట్రాల్లో సొంత చట్టాలున్నాయి, కొన్నిట్లో లేవు. మీ అమ్మాయో అబ్బాయో ఏ రాష్ట్రంలో చదువుతున్నారో, అక్కడ ఈ చట్టం ఉందో లేదో చూడండి.