టైర్ ప్రెషర్ సెన్సార్లు మార్చిస్తున్నారా? టైరు విప్పకముందే ఈ వీడియో చూడండి

నమస్తే అందరికీ. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, సిరోంచ వైపున్న మనవాళ్లు, అటు ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వాళ్లు కూడా ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "అన్నా, గాలి సరిగ్గానే ఉంది, అయినా డ్యాష్‌బోర్డ్ మీద టైర్ లైట్ ఆరట్లేదు, ఏం చేయమంటావు?"

ముందు ఆ లైట్ ఎలా వెలుగుతోందో చూడండి. బండి ఆన్ చేయగానే వచ్చి అలాగే ఉండిపోతే ఏదో టైర్‌లో గాలి తగ్గింది. అలా కాకుండా నిమిషం, నిమిషంన్నర మిణుకు మిణుకుమని ఆ తర్వాత నిలబడిపోతే అది గాలి గొడవ కాదు, సిస్టమ్‌లోనే తేడా ఉంది. బండి ఏడెనిమిదేళ్లదైతే ఎక్కువగా సెన్సార్‌లో బ్యాటరీయే అయిపోయి ఉంటుంది. 5 నుంచి 10 ఏళ్లు వచ్చే చిన్న లిథియం సెల్ అది. సెన్సార్ లోపలే సీల్ చేసేస్తారు కాబట్టి సెల్ ఒక్కటే మార్చడం కుదరదు.

ఫోక్స్‌వ్యాగన్ టైగన్, స్కోడా కుశాక్ ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడే ఆగండి. మీ చక్రాల్లో సెన్సార్లే ఉండవు. గాలి తగ్గిన చక్రం కాస్త వేగంగా తిరుగుతుంది కదా, బ్రేకుల్లో ఉండే ఏబీఎస్ ఆ తేడాను పట్టుకుని చెబుతుంది. గాలి సరిచేసి రీసెట్ కొడితే చాలు. మీకు ఎవరైనా సెన్సార్ అమ్మజూపితే ఆ షాపుకి దండం పెట్టి వచ్చేయండి.

ఇక సెన్సార్ల సంగతి. నేను వేయించినవి ఆటెల్ ఎంఎక్స్ సెన్సార్లు. ఇవి ఖాళీగా వస్తాయి, షాపులో ఉండే టీపీఎంఎస్ టూల్‌తో, అంటే సెన్సార్లను చదివి రాసే చేతి మెషీన్‌తో, మన బండికి తగ్గట్టు ప్రోగ్రామ్ చేయించుకోవాలి. వీటిలో నాకు నచ్చింది 315, 433 మెగాహెర్ట్జ్ రెండూ ఒకే సెన్సార్‌లో ఉండటం. మన దేశంలో అమ్మే బండ్లు మామూలుగా 433 మీద మాట్లాడతాయి. 315 అమెరికా, జపాన్ బండ్ల లెక్క. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే సెట్లలో 315వి కూడా ఉంటాయి. అచ్చం మన సెన్సార్ లాగే ఉంటుంది, వాల్వ్ కూడా సరిపోతుంది, కానీ బండికి దాని మాట వినపడదు. ఏ బ్రాండ్ కొన్నా ఫ్రీక్వెన్సీ చూడండి, డబ్బులిచ్చే ముందు టూల్ లిస్టులో మీ మోడల్, సంవత్సరం ఉన్నాయో లేదో చూపించమనండి.

ఇప్పుడు అసలు విషయం. చక్రం ఇంకా బండికి ఉండగానే పాత సెన్సార్లన్నిటినీ చదివించండి. ఇదిగో, స్క్రీన్ దగ్గరగా చూపిస్తున్నా. ఈ టూల్ ఆటెల్ టీఎస్508. వాల్వ్ పక్కన టైరు గోడకి ఆనించి బటన్ నొక్కితే లోపలి సెన్సార్ నిద్రలేచి తన ఐడీ, గాలి ఎంతుందో, వేడి ఎంతుందో చెబుతుంది. ఆ ఐడీనే కొత్తదాంట్లోకి కాపీ చేయిస్తే సెన్సార్ మారిందన్న సంగతే బండికి తెలియదు, రీలెర్న్, అంటే బండికి మళ్లీ నేర్పే గొడవ ఉండదు. కొత్త ఐడీ వేస్తే మాత్రం దాన్ని బండికి నేర్పాలి. కొన్ని బండ్లు కాసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి, కొన్నిటికి ఓబీడీ పోర్ట్ (స్కానర్ గుచ్చే సాకెట్) ద్వారా రాయాలి.

బ్యాటరీ పూర్తిగా చచ్చిన సెన్సార్ పలకదు. అప్పుడు టైరు విప్పాక దాని ఒంటి మీద అచ్చేసిన ఐడీని చూసి టైప్ చేయాలి. అందులో 8 ఏదో, బి ఏదో టార్చ్ వేసి మరీ చూడండి. ఇంకోటి, బతికున్న పాత సెన్సార్‌ను కాపీ చేశాక దాన్ని డిక్కీలో పడేసుకోకండి. ఒకే ఐడీతో రెండూ సిగ్నల్ పంపితే రీడింగ్ పిచ్చిపిచ్చిగా వస్తుంది.

బిగించేటప్పుడు షాపు కుర్రాడి పక్కనే నిలబడండి, మొహమాటపడొద్దు. బీడ్, అంటే రిమ్‌కి పట్టుకునే టైరు అంచు, విప్పే మెషీన్ బ్లేడు వాల్వ్ దగ్గర పడితే సెన్సార్ ముక్కలే. అల్యూమినియం వాల్వ్‌కి మామూలు ఇత్తడి పిన్ను (లోపల గాలి ఆపే వాల్వ్ కోర్) వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఈ పాత వాల్వ్ మూతి చూడండి, తెల్లగా పొడి పొడిగా ఉంది కదా? రెండు లోహాలు తడికి కలిసి తినేసుకున్నాయి. పిన్ను ఇక తిరగదు, బలవంతం చేస్తే వాల్వే విరుగుతుంది. నికెల్ పూత ఉన్న పిన్నే వేయించండి. రబ్బరు వాషర్ కూడా కొత్తది పడాలి. నట్టు టార్క్ రెంచ్‌తో బిగించాలి, చేతి వాటంగా కాదు. సెన్సార్‌కీ బరువు ఉంటుంది కాబట్టి వీల్ బ్యాలెన్సింగ్ తప్పదు.

వాల్వ్ మూత బదులు బిగించే బయటి సెన్సార్ల గురించి కూడా అడిగారు. అసలు సిస్టమే లేని పాత బండికి పర్వాలేదు, సెల్ మనమే మార్చుకోవచ్చు. కానీ గాలి పట్టిన ప్రతిసారీ విప్పాలి, బస్టాండ్ దగ్గర పార్క్ చేస్తే ఎవరైనా విప్పుకుపోవచ్చు కూడా. నేనైతే కొనను.

చివరగా మన ఎండ సంగతి. టైరు వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం రాజురా రోడ్డు మీద 33 కాస్తా 38 చూపిస్తే కంగారుపడి గాలి తీసేయకండి. తీస్తే మర్నాడు పొద్దున టైరు చల్లారాక లైట్ వెలుగుతుంది. పొద్దున్నే, బండి తీయకముందు పట్టించిన గాలే లెక్క. నాగ్‌పూర్ వెళ్లి ముంబై వైపు సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేవాళ్లయితే ఇది అస్సలు మర్చిపోవద్దు. అక్కడ 120లో గంటల తరబడి కాంక్రీటు మీద పోవాలి, గాలి తక్కువున్న టైరు ఆ వేడికి ఆగదు.

మీ బండి మోడల్, సంవత్సరం కామెంట్లో పెట్టండి. సెన్సార్ ఉన్న రకమో, ఏబీఎస్ రకమో చెబుతా.